ప్రక్కకు జరుగని బండి



కోరుట్లకును వేములవాడకును నడుమ రుద్రంగి యను గ్రామము కలదు. పూర్వము కరీంనగరము జిల్లాలోనిది. 2016వ సంవత్సరము అక్టోబరులో రాజన్న సిరిసిల్ల జిల్లా యేర్పడినపుడు మండల కేంద్రమైనది. ఆ ఊర గాని, ఆ చుట్టుప్రక్కల గాని, ఎడ్లబండి నెరుగని ముసలివారు లేరు. అయినను ఆ బండిని గూర్చియే నేడు మీతో మాటలాడ దలచితిని. మీ చేతులకును మీ యెడ్లకును ఏనాడో తెలిసిన పనిలో, పేరుగన్న గణితజ్ఞులు నూరేండ్లకు పైగా శ్రమించిన శాస్త్ర మొకటి యిమిడియున్నది.

నా చిన్నతనమున ఆ ఊర నొక యింటి ముంగిట వడ్లబస్తాల బండి కుడివైపు గోడ నొరసికొని నిలిచియుండెను. గోడవైపు బస్తాలు దింపుటకు సందు లేదు. బండి అడుగెడు ప్రక్కకు జరిగిన చాలును. ముగ్గురు పడుచువారు చక్రములు పట్టియు నొగలు పట్టియు ప్రక్కకు త్రోసిరి. ఇరుసు మూలిగినది గాని బండి కదలలేదు. అంతట నొక ముసలి బండివాడు వచ్చి, ఎడ్లను రవ్వంత ఎడమకు మరలించి, నాలుగు మూరలు నడిపించి, మరల కుడికి సరిదిద్ది, అంతే దూరము వెనుకకు నడిపించెను. బండి గోడకు అడుగెడు ఎడముగా, మునుపటి ముఖముననే నిలిచినది. "తాతా, ముగ్గురు త్రోసిన పోని బండి నీకెట్లు పక్కకు పోయినది?" అని నే నడిగితిని. "బండి పక్కకు పోదు బిడ్డా, పోయినట్టు చేయాలె" అని యాతడు బదులు చెప్పెను. ఆ మాట నాకు చాల యేండ్లకు గాని తెలియలేదు.

బండి యెక్కడ నున్నదో చెప్పుటకు మూడు సంఖ్యలు కావలెను. తూర్పు పడమరలుగ నెంత దూరమున నున్నది, ఉత్తర దక్షిణములుగ నెంత దూరమున నున్నది, ఏ దిక్కునకు ముఖము పెట్టి యున్నది. అయితే బండివాని చేతిలోని కదలికలు రెండే: ముందువెనుకలకు నడపుట, ఉన్నచోట త్రిప్పుట. మూడవది, అనగా ప్రక్కకు జరుపుట, చక్రము ఒప్పుకొనదు. పొలమునకు కంచె వేసితిమేని పశువు ఆ చోటికి పోరాదు. అది చోటుపై నిర్బంధము. చక్రము వేయు నిర్బంధ మట్టిది కాదు. ఏ చోటికైనను పొమ్మనును, కాని ఈ క్షణమున ఈ దిక్కుగా పోరాదనును. ఇది వేగముపై నిర్బంధము.

ఈ రెంటికిని గల భేదమును స్పష్టముగ విడదీసి వానికి గ్రీకుభాషలో పేళ్లు పెట్టినవాడు జర్మనీ దేశస్థుడగు హెన్రిక్ హెర్జ్. కంటికి కానరాని విద్యుదయస్కాంత తరంగములను 1887, 1888 సంవత్సరములలో ప్రయోగము చేసి చూపినవా డాతడే. నా మాట మీ యింటి రేడియోకు వచ్చుచున్నది ఆ తరంగముల పైననే. ఆతడు 1894 జనవరిలో చిన్నవయసుననే చనిపోయెను. యంత్రశాస్త్ర మూలసూత్రములను గూర్చి యాతడు వ్రాసిన గ్రంథము ఆ యేడే వెలువడినది. చోటును బంధించు నియమములు వేరు, వేగమును మాత్రము బంధించు నియమములు వేరు అని ఆ గ్రంథమున చెప్పెను. దొర్లు చక్రములు, దొర్లు బంతులు ఈ రెండవ తెగలోనివి.

ఇపుడు ముసలివాడు చేసిన పనిని లెక్క పెట్టుదము. ఆతడు త్రిప్పినది గడియారపు చిన్న ముల్లు ఇరువది నిమిషములలో తిరుగునంత, అనగా పది డిగ్రీలు. నడపినది నాలుగు మూరలు, అనగా ఆరు అడుగులు. మరల పది డిగ్రీలు కుడికి త్రిప్పి, ఆరు అడుగులు వెనుకకు నడపెను. లెక్క వేసినచో బండి పన్నెండున్నర అంగుళములు ఎడమకు జరిగినది, ఒక్క అంగుళము వెనుకకు పోయినది. ఎడమకు త్రిప్పినది కుడి త్రిప్పుటతో తీరినది, ముందు నడచినది వెనుక నడచుటతో తీరినది. ఇచ్చిన దంతయు పుచ్చుకొన్నట్లే యున్నది. అయినను బండి మొదటి చోటికి రాలేదు.

ఇంకొక వింత. ఆ నాలుగు కదలికలనే వరుస మార్చి చేయుడు: మొదట ఆరు అడుగులు నడపి, పిమ్మట ఎడమకు పది డిగ్రీలు త్రిప్పి, వెనుకకు ఆరు అడుగులు నడపి, తుదకు కుడికి సరిదిద్దుడు. బండి ఈసారి కుడివైపునకు పన్నెండున్నర అంగుళములు జరుగును. కదలికలు అవియే, ఫలము తారుమారు. సంఖ్యలను కూడునపుడు ముం దేది వెనుక నేది యని చూడ నక్కరలేదు. అయిదును మూడును కూడినను మూడును అయిదును కూడినను ఎనిమిదియే. కదలికల కూడిక యట్టిది కాదు. త్రిప్పి నడచుట వేరు, నడచి త్రిప్పుట వేరు. ఆ రెంటికిని గల వ్యత్యాసమే చక్రము ఒప్పుకొనని ప్రక్కజరుగుడు.

నార్వే దేశస్థుడగు సోఫస్ లీ (1842–1899) ఈ వ్యత్యాసమును పట్టుకొని యొక మహాశాస్త్రము నిర్మించెను. చదునునేలపై బండిని ఒక స్థితినుండి మరియొక స్థితికి చేర్చు కదలికల నన్నిటిని ఒక్కచోట జేర్చినచో, వానిలో రెంటిని ఒకదాని వెంట నొకటి చేయవచ్చును, ప్రతిదానిని త్రిప్పి కొట్టివేయవచ్చును, రవ్వరవ్వగా ఒకదానినుండి మరియొకదానికి జరుగవచ్చును. ఇట్టి కూటమిని లీ సమూహ మందురు. గోళము తిరుగు తీరులన్నియు నొక లీ సమూహము. బండి కదలు తీరులన్నియు మరియొకటి. త్రిప్పుట, నడపుట యను రెండు దిక్కులనుండి, వరుస మార్చిన భేదము వలన పుట్టు క్రొత్త దిక్కును గణితజ్ఞులు లీ పేరనే పిలుతురు.

ఇట్లు పుట్టిన దిక్కులతో కూడి సమస్త దిక్కులును దొరకినయెడల, వేగమున కెన్ని నిర్బంధము లున్నను ఏ స్థితినుండి యే స్థితికైనను చేరవచ్చునని 1938లో రష్యాలో రషెవ్‌స్కీయును, 1939లో చైనా దేశస్థుడగు చౌ యును, ఒకరి నొకరు ఎరుగకయే నిరూపించిరి. మన ముసలివాని మాటయు నిదియే గదా.

చేరవచ్చునని తెలిసినది. ఎంత శ్రమకు? అన్నిటికంటె తక్కువ శ్రమతో చేరు దారి యేది? ఇదియే నేటి ముఖ్య ప్రశ్న.

తక్కువ దారిని వెదకుటకు ముందు కొలబద్ద యొకటి కావలెను. బండికి తగిన కొలబద్ద దాని రెండు చక్రముల యినుప పట్టాలే. ప్రతి చిన్న కదలికలో ఎడమ చక్ర మెంత దొర్లినది, కుడి చక్ర మెంత దొర్లినది చూచి, ఆ రెంటి వర్గములను కూడి వర్గమూలము తీయుడు. అది ఆ కదలిక యొక్క శ్రమ. బండి రుద్రంగిలో నున్నను కోరుట్లలో నున్నను, తూర్పు చూచినను ఉత్తరము చూచినను, ఈ కొలత మారదు. ఏలయన కొలబద్ద నేలకు పాతినది కాదు, బండితో కూడ ప్రయాణించునది. ఇట్టిదానినే సమూహముపై మార్పులేని కొలమాన మందురు. ఆ కొలతలో మిక్కిలి పొట్టిదగు దారికి జియోడెసిక్ అని పేరు. భూమిని విభజించుట యను అర్థముగల గ్రీకుమాట నుండి వచ్చినది. బయలునేలపై అది త్రాడు బిగించిన సూటిగీత, భూగోళముపై గోళమును సరిసగముగ కోయు వృత్తముయొక్క ఖండము.

మార్పులేని కొలమానమున కొక ఉదాహరణము మన తెలుగువారి పనిలోనే కలదు. అది చెప్పక పోజాలను. నేటి కర్ణాటకములోని హడగళిలో 1920లో తెలుగు కుటుంబమున జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితమున ఎం.ఏ. పట్టము పొంది, కలకత్తాకు పోయిన కల్యంపూడి రాధాకృష్ణ రావుగారు 1945లో, తమ యిరువదియైదవ యేట, ఒక వ్యాసము ప్రకటించిరి. రెండు పంటచేల దిగుబడులను పోల్చవలెనని యనుకొనుడు. ఏటేట అరబస్తాకు మించి తేడా రాని చేలలో ఒక బస్తా తేడా చాల పెద్దది. అయిదేసి బస్తాలు హెచ్చుతగ్గు లగు చేలలో ఒక బస్తా లెక్కలోనిది కాదు. కావున సగటుల నడుమ దూరమును కొలుచు బద్ద, దిగుబడి చెదరుటను బట్టి పొడవు మార్చుకొనవలెను. బస్తాలలో కొలిచినను కిలోలలో కొలిచినను తుదకు దూర మొక్కటియే రావలెను. రావుగా రట్టి కొలతలోని జియోడెసిక్ పొడవునే రెండు సముదాయముల మధ్య దూరముగ గ్రహించిరి. చెదురు సమానముగా నుండి సగటులు మాత్రము వేరైన రెంటి నడుమ పొట్టిదారి సూటిగా పోదు. చెదురు హెచ్చగు వైపునకు వంగి మరల దిగును. రావుగారు 2023లో, నూటరెండేండ్ల వయసున దివంగతులైరి. వారి దారిలో నిషేధింపబడిన దిక్కు లేదు. బండి దారిలో నున్నది. కావున బండి కథ యింకను కఠినము.

ఆ కాఠిన్యము మొదట ప్రక్కదూరపు లెక్కలో కానవచ్చును. ముసలివాడు పది డిగ్రీలు, ఆరు అడుగులు వాడి పన్నెండున్నర అంగుళములు సంపాదించెను. రెండును సగమే వాడెననుకొనుడు: అయిదు డిగ్రీలు, మూడు అడుగులు. వచ్చున దెంత? ఆరుంబాతిక యని తోచును. కాదు, మూడు అంగుళములకు రవ్వంత పైన. సగము పెట్టిన నాలుగవ వంతే వచ్చినది. త్రిప్పుటయు నడచుటయు ఒకదానితో నొకటి గుణింపబడుటయే యిందుకు కారణము. దీనినే మరియొక వైపునుండి చూడుడు. విశాలమైన బయలున బండిని ఒక అంగుళము ప్రక్కకు జరుపుటకు పట్టు శ్రమ, నాలుగంగుళములు జరుపు శ్రమలో నాలుగవ వంతు కాదు, ఇంచుమించు సగము. ముందుకు నడచునపుడు దూరమును శ్రమయు సమముగ పెరుగును; ప్రక్కకు పోవునపుడు చిన్న దూరమే మిక్కిలి ఖరీదు.

ఇక మిక్కిలి పొట్టిదగు దారి రూప మెట్టిది? ప్రతిక్షణమును బండివాడు తన శ్రమను రెండు పాళ్లు చేసి, ఒకటి నడకకును ఒకటి మరలుటకును ఇచ్చుచుండును. ఎప్పు డెంత పాలు దేనికి? చూడగా ఆ పాలు మారు తీరును నడుపు నియమము గోడగడియారములోని లోలకము ఊగు నియమమే. లోలకము ఊగిన కొలదియు బండి ఒకపరి ఎక్కువ నడచి తక్కువ తిరుగును, మరియొకపరి ఎక్కువ తిరిగి తక్కువ నడచును, ఒక్కొకచో ఆగి వెనుకకు మరలును. ఆ మరలు చోట దారి కొడవలిమొనవలె వాడిగా నుండును. రెండు స్థితుల నడుమ నిట్టి దారులు పెక్కు గలవు. వానిలో నిజముగ పొట్టిది యేదో, ఏ మేరవరకు పొట్టిదిగ నుండునో తేల్చుట చాల కష్టము. రష్యా దేశస్థుడగు యూరీ సచ్‌కోవ్ 2010, 2011 సంవత్సరములలో ప్రకటించిన వ్యాసములలో గాని యిది పూర్తిగ తేలలేదు. చక్రము పుట్టి వేలయేండ్లు గడచినవి. బండిని తక్కువ శ్రమతో నిలుపు లెక్క నిన్నమొన్న తీరినది. దీనిని దలచినపుడెల్ల నాకు నవ్వు వచ్చును.

బండికే గాదు, పిల్లికిని ఈ విద్య తెలియును. వెల్లకిల జారవిడిచిన పిల్లి కాళ్లపై వ్రాలును. గాలిలో పట్టుకొనుటకు దానికి ఆధారము లేదు. మొత్తముమీద గిరగిర తిరుగు వేగము సున్నగా నుండవలెనని ప్రకృతి నియమము. అయినను ముందుభాగము, వెనుకభాగము వరుస తప్పించి వంచుచు మెలిపెట్టుచు తుదకు తిరిగిపోవును. ఫ్రాన్సు దేశస్థుడగు మారే 1894లోనే దీనిని వరుస ఛాయాచిత్రములలో పట్టి చూపెను. బండికి నేలపై నున్న గణితమే పిల్లికి గాలిలో నున్నది.

ఇంతసేపు ముంగిలి బయలుగా నున్నదను భావముతో చెప్పితిని. మన ఊళ్లలో అట్టి బయ లెక్కడిది? ఇక్కడ నాదే యొక తప్పు చెప్పుకొందును. ఒక ఊర (పేరు చెప్పను) ఒక సందులో ఒకరు గోడ కొంత ముందుకు జరిపి కట్టుకొన దలచిరి. లోపలి యింటివా రడ్డు చెప్పిరి. పెద్దలు కూడిరి. కొలుచు టేపు పట్టినవాడను నేను. బండి వెడల్పు కొలచితిని, మిగులు సందు కొలచితిని, బండికంటె సందు జానెడు వెడల్పే యని చెప్పితిని. నా మాట విని పెద్దలు సరే యనిరి. గోడ లేచినది. కోతల కాలమున వడ్లబండి సందులోనికి పోయినది, కాని లోపలి దొడ్డి వాకిట లోనికి తిరుగలేదు. ముందుకు మూడు అడుగులు, వెనుకకు మూడు అడుగులు. ఎడ్లు కాడి క్రింద మెడలు వంచి నురుగులు క్రక్కినవి. తుద కా యింటివారు సందు మొదటనే బండి విప్పి బస్తాలు తలలపై మోసికొనిరి. ఆ యింటి ముసలమ్మ నన్ను చూచి యేమియు ననలేదు. అనినను బాగుండెడిది.

నేను కొలచినది బండిని, బండి నడకను గాదు. వెనుక చెప్పిన లెక్క యిక్కడ పనికివచ్చును. ముందుకు నడచు చోటును తిరుగు చోటును సగము చేసినచో, ఒక్కొక్క ప్రయత్నమున దొరకు ప్రక్కజరుగుడు నాలుగవ వంతు. కావున ఒకపరి చేయు పని నాలుగు మారులు చేయవలెను. ఒక్కొక్క మారు నడక సగమే గనుక మొత్తము శ్రమ రెట్టింపు. ఆ చోటును మరల సగము చేయుడు: పదునారు మారులు, నాలుగింతల శ్రమ. సందు జానెడు తగ్గిన బండివాని కష్టము జానెడు పెరుగునని మనమనుకొందుము. అట్లు పెరుగదు.

ఎడ్లబండి నున్నచోటనే త్రిప్పవచ్చును. ఒక చక్రము నిలిపి రెండవదానిని నడపిన చాలును. ట్రాక్టరునకు ఆ వెసులుబాటు లేదు. స్టీరింగు త్రిప్పిన ముందు చక్రములు మాత్రము మరలును. బండి ముఖము మారుటకు మరల నడువవలెను. ముఖము మారిన పిమ్మట నడచిన గాని ప్రక్కకు పోదు. ప్రక్కదిక్కు ఇక్కడ మూడవ మెట్టున గాని పుట్టదు. కావున చిన్న కదలికలలో నడకయు స్టీరింగు త్రిప్పుటయు సగమైనచో దొరకునది ఎనిమిదవ వంతు. వెనుక ట్రాలీ కట్టినచో ఇంకొక మెట్టు. ట్రాలీతో కూడ అంతయు సమముగ ప్రక్కకు జరుగవలెనన్న, సగము చోటులో పదునారవ వంతే. ట్రాలీ వెనుకకు పెట్టునపుడు నేర్పరియగు డ్రైవరు కూడ చెమటలు క్రక్కుటకు ఇదియే హేతువు. ఆతని చేతగానితనము గాదు.

తిరుగుడునకు హద్దు గలిగిన బండికి పొట్టిదారి యేదని 1957లో అమెరికాలో డూబిన్స్ అను నాతడు విచారించెను. ముందుకు మాత్రమే పోవు బండికి, బిగువుగా తిరుగు వృత్తఖండములును సూటిగీతలును కలిసి మూడు తునకలకు మించి యక్కరలేదని తేల్చెను. వెనుకకు కూడ పోగల బండికి అయిదు తునకలు చాలునని 1990లో రీడ్స్, షెప్ అనువారు చూపిరి. అడ్డము లేని బయలున ఈ లెక్కలు సరియైనవి. గోడ లున్నపుడు ఆ దారి గోడలో నుండి పోవచ్చును గదా!

ఊరి సందులలో నేడు బండ్లు తగ్గినవి, ట్రాక్టరులు పెరిగినవి. 2005వ సంవత్సరము ఆగష్టు 15 మొదలు 108 అను రోగుల వాహనము కూడ మన ప్రాంతములలో తిరుగుచున్నది. అదియు నున్నచోట తిరుగలేనిదే. కావున సందు తగవు మీ ముందునకు వచ్చినపుడు టేపు నొక్కదానినే నమ్మకుడు. గోడ లేవకముందే, కోసిన చేనిలో నొకచోట ఆ సందు కొలతలు యథాతథముగ సున్నముతో గీయింపుడు; మలుపును, దొడ్డి వాకిలిని కూడ గీయింపుడు. గీతలపై మోకాలెత్తు కట్టెలు పాతి త్రాడు కట్టింపుడు. ఆ ఊర నున్నవానిలో మిక్కిలి పొడవైన ట్రాలీని తెప్పించి, లోపలికి పోయి తిరిగి బయటికి రమ్మనుడు. ఎన్ని మారులు ముందువెనుకలాడెనో ఒకరు లెక్క పెట్టవలెను. రెండు మూడు మారు లైన సరే. పది దాటినచో త్రాటిని జానెడు వెనుకకు జరిపి మరల నడిపింపుడు. లెక్క ఎంత తగ్గునో గోడ కట్టువారును నిలిచి చూతురు గాక.